చిట్టితల్లి ఎంగిలి

గోధావతీ నగరంలో తెల్లవారిందని చెప్పేది కోడికూత కాదు, కంపు. తూర్పుకొండల మీద ఎరుపు తేలేది. బంగారుపూత పూసిన కోట బురుజులు ఒక్కొక్కటే వెలుగులోకి వచ్చేవి. రాజవీధికి అటూ ఇటూ ఉన్న పాలరాతి మేడల మీద లేత ఎండ మెట్టుమెట్టుగా దిగేది. సరిగ్గా ఆ వేళకే ఊళ్లోని రాక్షసబల్లులన్నీ నిద్ర లేచి ఒక్కసారిగా ఆవులించేవి. రాత్రంతా వాటి పొట్టల్లో పులిసిన ఆకుల వాసన పొగమంచులా లేచి మేడలకెక్కేది. నగరవాసులు కిటికీలు తెరిచి ఆ గాలిని గుండెలనిండా పీల్చుకుని, "ఇవాళ మావాడికి అరుగుదల బాగుంది" అని సంతోషించేవారు.

రాజుగారి బల్లిశాలలో గడ్డిమోపుల మీద పడుకున్న చిత్రభానుడు మాత్రం పైబట్ట ముక్కుకి అడ్డం పెట్టుకుని లేచాడు.

అతను హంసావతీ రాజ్యానికి చిన్న యువరాజు. ఆ సంగతి గోధావతిలో ఎవరికీ తెలియదు. ఇక్కడ అతని పేరు కొమ్మన్న, పని పేడ ఎత్తడం. హంసావతి మనుషులకి శుభ్రం ప్రాణంతో సమానం. ఒకరు నోరు పెట్టిన చెంబు మరొకరు ముట్టరు. భోంచేశాక పుక్కిలించి, కాళ్లు కడుక్కుని గాని గడప దాటరు. పసిపిల్లలకి మాటలకన్నా ముందు చేతులు కడుక్కోవడం వస్తుంది. అలాంటి చోట పుట్టి పెరిగినవాడు, గూడుబండి పట్టేంత పేడకుప్పల మధ్య కాపరం చేస్తున్నాడు. నడుముకి దోపుకున్న కుంకుడుపొడి పొట్లం ఒక్కటే అతనికి ఇంటి గుర్తు. ఎవరూ చూడనప్పుడు చిటికెడు తీసి చేతులు తోముకునేవాడు.

అతన్ని ఇక్కడికి రప్పించింది అన్న. వేటకు వెళ్లిన రత్నభానుడు తిరిగి రాలేదు. వెతుక్కుంటూ బయలుదేరిన చిత్రభానుడికి అడవిలో ఒక తాపసి అసలు సంగతి చెప్పాడు. ధూమకంఠుడనే మాంత్రికుడు రత్నభానుణ్ని గులకరాయిగా మార్చి శిలావతీ నది ఒడ్డున రాళ్లలోకి విసిరేశాడట. "తోడబుట్టినవాడు చిన్ననాటి పిలుపుతో పిలిస్తే ఆ రాయి వెచ్చబడుతుంది. మాట్లాడుతుంది. ముందు దాన్ని సంపాదించు. మళ్లీ మనిషిని చేసే దారి తరవాత చూద్దాం" అన్నాడు తాపసి. చిత్రభానుడు రెక్కలు కట్టుకున్నట్టు నది ఒడ్డుకి వెళ్లాడు. ఒడ్డున రాళ్లు లేవు. గోధావతి బండ్లవాళ్లు గీరి గీరి ఎత్తుకుపోయారు.

రాక్షసబల్లులకు నమిలే పళ్లు ఉండవు. కొమ్మలకు కొమ్మలు మింగేస్తాయి. వాటిని లోపల నలగగొట్టడానికి రాళ్లు మింగుతాయి. కడుపులో రాళ్లసంచి ఒకటి ఉంటుంది. అది రోలు, రాళ్లు రోకళ్లు. అరిగి నున్నబడిన రాళ్లను అవే కక్కేస్తాయి. కక్కిన రాళ్లను గోధావతి పెద్దింటివాళ్లు ఎగబడి ఏరుకుని, బంగారంలో పొదిగించి మెళ్లో వేసుకుంటారు. ఎంగిలిరత్నాలంటారు వాటిని. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు చిత్రభానుడు బావిగట్టు పట్టుకుని చాలాసేపు వంగి నిలబడ్డాడు.

ఆ ఒడ్డు రాళ్లన్నీ రాజమాతగారి పెంపుడు బల్లికి వెళ్లాయని వాకబు చేసి తెలుసుకున్నాడు. అప్పటినుంచి రోజూ అది కక్కిన రాళ్లలో వెతికాడు, దాని పేడ ఎత్తాడు. ఎత్తిన పేడ నీళ్లలో కలిపి జల్లెడ పట్టాడు. ఇసుక దొరికింది, పుల్లలు దొరికాయి, ఒకనాడు ఎవరిదో చెప్పు దొరికింది. అన్న దొరకలేదు. రాళ్లసంచిలో ఇంకా తిరుగుతున్నాడో, అరిగి ఆ ఇసుకలోనే పోయాడో తెలియదు. ఇంటి దగ్గర అమ్మ పెద్దకొడుకు పీట తియ్యనివ్వలేదు. వడ్డన వేళకి దాని ముందు కూడా ఆకు వేస్తుంది. చిత్రభానుడు పార అందుకున్నాడు.

"ఒరే కొమ్మిగా! ఏంట్రా ఆ మొహం, వేపరసం తాగినట్టు? పేడంటే లక్ష్మిరా!"

అరిచింది గండప్ప, బల్లిశాలకి పెద్దకాపరి. బానలాంటి పొట్ట, కోరమీసం, భుజాల మీద ఎప్పుడూ బల్లిచొంగ అట్టకట్టి ఉంటుంది. దాన్ని శాలువాలా చూసుకుంటాడు.

"లక్ష్మి అయితే ఇంట్లో పెట్టుకోవచ్చు కదా పెద్దయ్యా" అన్నాడు చిత్రభానుడు, శ్వాస బిగబట్టి.

"పెట్టుకోలేదనుకున్నావా? మా వీధరుగు దేంతో అలికామనుకుంటున్నావు?"

చిత్రభానుడు పార మళ్లీ పేడలో దించాడు. గోధావతిలో ఏదైనా అడిగితే జవాబు ఇంకా అసహ్యంగా ఉంటుందని అతనికి అనుభవమైంది. బల్లి లేని ఇల్లు ఇక్కడ ఇల్లే కాదు. మంత్రిగారి బల్లి పేరు సుకుమారుడు. వచ్చినవాళ్ల తలపాగాలు తినేస్తుంది. మంత్రిగారు మురిసిపోతూ, "తలపాగాలంటే మావాడికి పిచ్చండీ. కొత్తది కట్టుకొచ్చారా? అందుకే, ముందు మీదే తిన్నాడు" అంటారు. సేనాపతిగారిది రెండుకాళ్ల మీద నడిచే మాంసాహారి, దాని పేరు శాంతమ్మ. ఒకసారి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమనిషిని నడుందాకా నోట పెట్టుకుంటే, సేనాపతిగారు తాంబూలం నములుతూ, "కంగారుపడకండి, అది ఏమీ చెయ్యదు. కొత్తవాళ్లు కదా, వాసన చూస్తోంది" అన్నారు. పెళ్లిచూపుల్లో ఇంటి బల్లి వచ్చి పిల్లని మొహమంతా నాకుతుంది. మొహం తుడుచుకున్న పిల్ల ఆ ఇంటికి పనికిరాదు.

శాల మధ్యన చిట్టితల్లి పడుకుని ఉంది.

దాని కాళ్లు మండపస్తంభాలు. మెడ చూస్తే తాటిమాను పక్కకి ఒరిగినట్టుంటుంది. వీపు మీద పొద్దుటి ఎండ పడి, పొలుసులు నెమలికంఠం రంగులో ఒకచోట, మాగిన మామిడిపండు రంగులో ఒకచోట మెరుస్తున్నాయి. పాదాలకి పసుపు, కాళ్లకి బండిచక్రాలంత వెండి కడియాలు, నుదుట కుంకుమ, బుగ్గ మీద పళ్లెమంత దిష్టిచుక్క. ఆ అందమంతా ఒక పక్క. నోటి మూలనుంచి కారుతున్న పచ్చని తీగ ఒక పక్క. ఆ తీగ నేలమీద మడుగు కట్టి, అందులో ఈగలు ముసురుతున్నాయి. ప్రతి ఊపిరికీ శాలంతా పాడుబడిన పచ్చళ్లజాడీ మూత తీసినట్టయ్యేది.

ఆ పొద్దున దాని ఊపిరి మరీ భారంగా ఉంది. పొట్ట గుమ్మటంలా ఉబ్బింది.

"నిన్నా కక్కలేదు, మొన్నా కక్కలేదు" అన్నాడు గండప్ప మీసం కొరుకుతూ. "రాజమాతగారు రాత్రి అన్నం ముట్టలేదట. వైద్యులుగారు ఏదో మార్గం చెప్పారు. అదిగో వస్తున్నారు. ఆ పైబట్ట ముక్కు మీదనుంచి తియ్యరా దరిద్రుడా, అమ్మగారు చూస్తే బాధపడతారు!"

బాకా మోగింది. పల్లకీలోంచి రాజమాత భద్రమణీదేవి దిగింది. సన్నగా, వంగి, తెల్లటి పట్టుచీరలో కలువకాడలా ఉంది. మెడనిండా ఎంగిలిరత్నాలు. ఆమె తిన్నగా వచ్చి, ఈగల మడుగులో అడుగు పెట్టి, ఆ పెద్ద ముక్కుకి తన చెంప ఆనించింది.

"నా తల్లే, నా బంగారమే, కడుపు నొప్పెడుతోందా?"

చిట్టితల్లి మూలిగింది. ఆ మూలుగుతో వచ్చిన తుంపర రాజమాతను తలనుంచి పాదాలదాకా తడిపింది. ఆమె చిన్నపిల్లలా నవ్వింది. చిత్రభానుడు చూపు తిప్పుకున్నాడు.

వెనక రాజవైద్యుడు చెయ్యి ఊపాడు. కూలీలు రెండు పెద్ద గంపలు మోసుకొచ్చి దించారు. వాటినిండా నల్లరాతి ముక్కలు, అంచులు కత్తుల్లా ఉన్నాయి.

"జబ్బేమీ లేదమ్మా" అన్నాడు వైద్యుడు. "పాతవి నదిరాళ్లు. మెత్తనివి. అరిగి పనికిరాకుండా పోయాయి. ఈ నల్లరాయి పడిందంటే ఒక్క పూటలో వాటిని పిండి చేసి పారేస్తుంది. తరవాత మేత దానంతటదే అరుగుతుంది."

చిత్రభానుడి చేతిలో పార ఆగిపోయింది.

పిండి. ఒక్క పూట. ఇప్పటిదాకా ఎంత పేడనైనా ఓపిగ్గా జల్లెడ పట్టాడు. ఇక ఓపికతో పని లేదు. అతను ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"అమ్మగారూ, తప్పయితే మన్నించండి. మా ఊళ్లో గొడ్డు కడుపు ఉబ్బితే రాళ్లు వెయ్యరు. కక్కిస్తారు. కక్కించే పొడి నా దగ్గరుంది. దీని నాలుక వెనక్కి చెయ్యి పోనిచ్చి వేస్తే, పాతరాళ్లన్నీ బయటికొస్తాయి. తరవాత మీ ఇష్టం వచ్చిన రాళ్లు వేసుకోవచ్చు."

"పేడ ఎత్తేవాడివి, నీకెందుకురా వైద్యం?" అని వైద్యుడు ఉరిమాడు.

రాజమాత మాత్రం అతనివైపు ఆశగా చూసింది. "నొప్పి పెట్టదు కదా నాయనా?"

"పెట్టదమ్మా."

"మా అమ్మాయి చనిపోయిన ఏడే వచ్చింది ఇది" అంది ఆమె మెల్లగా. "అప్పుడు నా అరచేతిలో పట్టేది." ఆమె కొంగు సర్దుకుంది. "సరే, చూడు. అయితే మా ఆచారం తెలుసు కదా? తనతో ఎంగిలి పంచుకున్నవాళ్లే తన నోట్లో చెయ్యి పెట్టాలి. గండప్పా, ఫలహారం తీసుకురా."

ఆచారం ఏమిటో చిత్రభానుడికి బాగా తెలుసు. ఇన్నాళ్లూ అది తన వంతు రాకుండా తప్పించుకు తిరిగాడు.

వెండి తొట్టిలో జొన్నసంకటి వచ్చింది. అందులో వెన్న, బెల్లం, దంచిన చింతచిగురు. చిట్టితల్లి నాలుక బయటికొచ్చింది. మంచంమీది పరుపంత నాలుక, బూడిదరంగు, మధ్యలో రాత్రి తిన్న కొమ్మల నార. అది తొట్టిలో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకసారి వెళ్లి, తృప్తిలేక మళ్లీ వచ్చింది. సంకటి మీద నురుగు తేలింది. తీగలు సాగాయి. రాజమాత ముందుగా ఒక ముద్ద తీసి కళ్లు మూసుకుని నోట్లో వేసుకుంది.

"ఇవాళ కాస్త పులుపెక్కింది" అంది జాలిగా. "వంట్లో బాగాలేదు కదా, పాపం." అంటూనే రెండో ముద్ద చేసి చిత్రభానుడికి అందించింది. "తిను నాయనా."

ముద్దనుంచి తొట్టిదాకా ఒక తీగ వేలాడుతోంది. శాలంతా అతనివైపే చూస్తోంది. అతను నల్లరాళ్ల గంపలవైపు ఒకసారి చూశాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

దాని రుచి రాయడం అనవసరం. నమలకుండానే జారిపోయిందని మాత్రం చెప్పాలి. జారిపోయిన చోటల్లా తాను అక్కడున్నానని చెబుతూ పోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, చూడండి!" అని మురిసిపోయింది రాజమాత. "ఎంత ప్రేమో!"

"వీడికి అంత భక్తి ఉందని నాకే తెలీదమ్మా" అన్నాడు గండప్ప.

గండం గడిచింది. ఇక పొట్లం విప్పి, ఆ నోట్లో చెయ్యి పెట్టడమే తరువాయి. పక్కనే కాపరుల నీళ్లకుండ ఉంది. చిత్రభానుడి మనసు పొట్లం మీద ఉంది. చెయ్యి మాత్రం, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి తిన్న ప్రతిసారీ చేసినట్టే, ఆ కుండలో చెంబు ముంచింది. అతను నీళ్లు నోట్లో పోసుకుని, గుడగుడమని పుక్కిలించి, మర్యాదగా పక్కకి తిరిగి ఉమ్మేశాడు. తరవాత పైబట్టతో మూతి తుడుచుకున్నాడు.

కూలీలు, భటులు తలలు తిప్పి అతనివైపు చూశారు.

"పుక్కిలించాడు" అన్నాడు గండప్ప, నమ్మలేనట్టు.

"నా చిట్టితల్లి ఎంగిలి..." రాజమాత రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. "ఉమ్మేశాడే!"

"మూతి కూడా తుడుచుకున్నాడమ్మా!" వైద్యుడి గొంతు శాల కప్పుకి తగిలింది. "తిన్నాక పుక్కిలించే జాతి భూమ్మీద ఒక్కటే ఉంది. వీడు హంసావతివాడు! గూఢచారి! పట్టుకోండి! ఆ గంప కుమ్మరించండి, వాడి పొడి తల్లి నోట్లో పడకముందే!"

భటుల కత్తులు ఒరలు వదిలాయి. కూలీలు మొదటి గంప ఎత్తారు. సంకటి రుచికి చిట్టితల్లి ఇంకా నోరు తెరిచే ఉంది. నల్లరాళ్లు గలగలమంటూ ఆ నాలుక మీదుగా గొంతులోకి దొర్లిపోయాయి. ఇక్కడినుంచి పొట్లం విసిరితే నాలుక మీదే నురుగై ఉమ్మయిపోతుంది. పొడి కడుపుదాకా చేరాలంటే ఎవరో ఒకరు తీసుకెళ్లాలి.

మొదటి భటుడి కత్తిని చిత్రభానుడు పారతో కొట్టాడు. రెండోవాడి మొహాన పారెడు సంకటి కొట్టాడు. వాడు భక్తితో అక్కడే కూలబడ్డాడు. మూడోవాడు వెనకనుంచి పట్టుకోబోయేలోపల, హంసావతీ యువరాజు వెండి తొట్టి అంచు మీద కాలు మోపి, పరుపులాంటి ఆ బూడిద నాలుక మీదికి తలకిందులుగా దూకాడు.

నాలుక అతన్ని ఒకసారి ఇటు దొర్లించి, ఒకసారి అటు దొర్లించి, నచ్చినట్టుంది, మింగేసింది.

గొంతు ఒక పొడుగాటి సొరంగం. దాని గోడలు వెచ్చగా, జిగటగా, ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతున్నాయి. పట్టుకుందామంటే చేతికి వచ్చేది పట్టు కాదు, జిగురు. ముందు పోయిన మేత గోడలకి వేలాడుతూ అతని మొహాన్ని ఒక్కొక్క కొమ్మతో పలకరించింది. అతను నోరు బిగించాడు. నోరు బిగిస్తే ముక్కులోకి పోయింది. ముక్కు బిగిస్తే చెవులు మిగిలాయి. తాటిమాను పొడవునా అలా జారి, చివర్న ఒక బిగువైన మూతిలోంచి పిండిన చెరుకుపిప్పిలా బయటపడి, రాళ్లసంచిలో మోకాళ్లలోతున కూలబడ్డాడు.

అక్కడ చీకటి పూర్తిగా లేదు. పులిసిన ఆకుల్లోంచి మిణుగురుల వెలుగులాంటి పచ్చదనం పైకి వస్తోంది. ఆ వెలుగులో చుట్టూ ఎర్రని కండగోడలు, తోలుతిత్తిలా ముడుచుకుంటూ విప్పుకుంటూ ఉన్నాయి. కింద నదిరాళ్లు. వాటి మీద అప్పుడే పడ్డ నల్లరాళ్లు. గోడ ముడుచుకున్నప్పుడల్లా గరగరమని రాళ్లు ఒకదానిమీద ఒకటి తిరిగేవి. తిరిగిన ప్రతిసారీ తెల్లని పొడి రాలేది.

పొడి రాలడం చూశాక అతనికి కంపు సంగతి గుర్తు రాలేదు.

చిన్నప్పుడు అతనికి 'ర' పలికేది కాదు. ఆ పిలుపు మానేసి ఎన్నో ఏళ్లయింది. ఇప్పుడు పిలవాలంటే సిగ్గేసింది. ఆ కడుపులో సిగ్గుపడాల్సింది ఇంకేమీ మిగల్లేదని గ్రహించి గొంతెత్తి అరిచాడు.

"తత్తన్నా!"

గరగర. ఏ రాయీ పలకలేదు. గోడ ముడుచుకుని అతన్ని నల్లరాళ్ల మీదికి నొక్కింది. మోచెయ్యి చీరుకుపోయింది.

"తత్తన్నా! నేను, భానుణ్ని! ఎక్కడున్నావు?"

ఎడమ మడమ కింద ఏదో వెచ్చగా తగిలింది. వేణ్నీళ్ల వెచ్చదనం కాదు. జ్వరంలో ఉన్నవాడి చెయ్యిలా ఉంది. అతను రెండు చేతులా తవ్వాడు. గోడకి ఆనుకుని, అన్నిటికన్నా కింద, తెల్లని చారలున్న బూడిద రాయి ఒకటి దొరికింది. నిమ్మకాయంత ఉంది. ఒకవైపు పూర్తిగా అరిగి పల్చబడింది. మదపుటేనుగు తొండం పట్టి నిలిపిన మనిషి, ఇప్పుడు ఒక గుప్పిట్లో ఇమిడిపోయాడు.

చిత్రభానుడు రాయిని గుప్పిట బిగించి, రెండో చేత్తో పొట్లం విప్పి కుంకుడుపొడి అంతా ఆ పచ్చని పులుసులో గుమ్మరించాడు.

ముందు చిన్న బుడగ వచ్చింది. తరవాత దాని పక్కన ఇంకొకటి. గోడ ఒకసారి ముడుచుకుని వాటిని కలియదిప్పేసరికి నురుగు అతని నడుం దాటింది, మెడ దాటింది, తల దాటింది. చిట్టితల్లి కడుపులో ఎక్కడో పెద్ద ఉరుము పుట్టింది. కింది రాళ్లను నల్లరాళ్లు తొక్కిపెట్టి ఉంచాయి. తేలికగా కదిలింది నురుగూ, అతనూ. వచ్చిన సొరంగంలోంచే, వచ్చినదానికి రెట్టింపు వేగంతో, కాళ్లు ముందుగా వెనక్కి కొట్టుకుపోయాడు.

బయట వెలుగు. గాలి. కేకలు. నురుగుతో, నారతో, ఇంకా పేరు పెట్టలేని వాటితో కలిసి అతను శాల మధ్యన ధబ్బున పడ్డాడు.

అప్పటికే రాజు ఉద్దండకేతుడు అక్కడికి వచ్చేశాడు. ఆరడుగుల ఈటె పట్టుకుని, కళ్లు నిప్పులు చేసుకుని నిలబడ్డాడు.

"పొడవండి ఆ గూఢచారిని!"

భటులు కదల్లేదు. ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏమైందిరా మీకు?"

"మహారాజా" అన్నాడు గండప్ప, నేలమీద సాగిలపడుతూ, "వీడిప్పుడు ఒళ్లంతా ఎంగిలి. పొడిస్తే ఎంగిలిని పొడిచినట్టు."

రాజమాత ఆ నురుగులోకే వచ్చి చిత్రభానుడి తల ఒళ్లోకి తీసుకుంది. అతని చెవిలోంచి ఒక ఆకు తీసి కళ్లకద్దుకుంది. "నా చిట్టితల్లి నోటినుంచి వచ్చాడు. అంటే దాని బిడ్డ. నా మనవడు. ఇందాక ఉమ్మేశాడంటావా, పసివాడు, తెలియక చేశాడు. ఉద్దండా, నీ మేనల్లుడురా, ఈటె దించు."

"అమ్మా! వీడు హంసావతివాడు! శత్రువు!"

"ఎదురు చెప్పకు. ముందు బిడ్డకి దిష్టి తీయించు."

రాజు మొహం కందగడ్డలా అయింది. ఈటె దించలేదు, విసరలేదు. వైద్యుడు ఇదేమీ పట్టించుకునే స్థితిలో లేడు. "నురుగు కక్కుతోంది! కడుపులో మంట! రెండో గంప వెంటనే పడాలి!" అని కూలీలను తోస్తున్నాడు.

చిత్రభానుడు గుప్పిట విప్పాడు. రాయి వెచ్చగానే ఉంది. దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అన్న గొంతు ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టు వినిపించింది.

"భానూ. వచ్చావా?"

"వచ్చానన్నా." అతను మొహం తుడుచుకోబోయాడు. తుడుచుకోవడానికి శుభ్రమైన చోటు తన ఒంటిమీద ఎక్కడా కనిపించలేదు. "ఇక ఇంటికి పోదాం. అమ్మ ఎదురుచూస్తోంది."

"ఇంటికి తరవాత. నన్ను మళ్లీ లోపల వెయ్యి."

"ఏమిటీ?"

"నాతో వేటకి వచ్చినవాళ్లంతా లోపలే ఉన్నారురా. మాంత్రికుడు ఒక్కణ్ని కూడా వదల్లేదు. గోడవైపు నేను ఉండేవాణ్ని. ఒరిపిడి ముందు నాకు తగిలేది. ఇప్పుడు అటువైపు ఎవరూ లేరు. మీద నల్లరాళ్లు పడ్డాయి."

"నువ్వు మళ్లీ వెళ్తే మిగలవన్నా. సగం అరిగిపోయావు."

"అందుకే తొందరగా వెయ్యమంటున్నాను. అరిగినవాడికి ఇంకాస్త అరిగితే పోయేదేముంది? వాళ్లలో పెళ్లయి నెల తిరగని కుర్రాడున్నాడు."

ఆ గొంతులో ఆజ్ఞ ఉంది. చిన్నప్పటినుంచీ చిత్రభానుడు కాదనలేని ఆజ్ఞ అది. అతను చిట్టితల్లివైపు చూశాడు. అది కళ్లు అరమోడ్చి ఇంకా నురుగు కక్కుతోంది. పెదవి కింద బుడగ ఒకటి ఉబ్బి, పగిలి, పచ్చగా కారింది. పేడ ఎత్తాడు, ఎంగిలి తిన్నాడు, ఆ సొరంగంలో ఒకసారి పోయి ఒకసారి వచ్చాడు. ఇక అసహ్యించుకోవడానికి ఒంట్లో ఓపిక మిగలలేదనుకున్నాడు. మిగిలే ఉంది.

"నువ్వు వెళ్లవు" అన్నాడు రాయితో. "నేను వెళ్లి వాళ్లందర్నీ ఏరుకొస్తాను. వాళ్లని ఎలా పిలవాలో చెప్పు. నాకు నీలాగా పలకరు కదా."

"నన్ను పట్టుకునే రా. నా గొంతు వాళ్లకి తెలుసు."

అతను పైబట్ట అంచు చింపి రాయిని గుండెకి అదిమి కట్టుకున్నాడు. కాపరుల తాడు ఒకటి గుంజకి వేలాడుతుంటే లాగి, ఒక కొస గండప్ప చేతిలో పెట్టాడు, రెండో కొస నడుముకి బిగించాడు. "పెద్దయ్యా, నేను మూడుసార్లు గుంజితే లాగు. మీ రాజమాతగారి మనవణ్ని లోపల వదిలేశావంటే నీ తల ఉండదు."

గండప్ప గుడ్లు తేలేశాడు గాని తాడు మాత్రం గట్టిగా చేతికి చుట్టుకున్నాడు.

"అమ్మమ్మా" అన్నాడు చిత్రభానుడు రాజమాతతో, ఆ మాట నాలుకకి అడ్డం పడుతున్నా. "దాన్ని ఇంకోసారి నోరు తెరవమను."

ఆమె మొహం వెలిగిపోయింది. "చూశావా ఉద్దండా! బిడ్డ తల్లిని వదిలి ఉండలేకపోతున్నాడు!"

"వాడు తప్పించుకుపోతున్నాడమ్మా!" రాజు ఈటె ఎత్తాడు.

"చిట్టితల్లీ, నా బంగారూ, ఆ... అను."

గుహలాంటి నోరు తెరుచుకుంది. అటునుంచి వైద్యుడు, కూలీల చేతుల్లోంచి రెండో గంప లాక్కుని తానే ఎత్తి కుమ్మరించాడు. రాజు చేతిలో ఈటె గాలిని చీల్చుకుంటూ బయలుదేరింది. మొదటి నల్లరాయి చిత్రభానుడి భుజాన్ని రాసుకుంటూ లోపలికి దొర్లిపోయింది. అతను దాన్ని దాటి ముందు చేరాలని, దాని వెంటే దూకాడు.